డిశ్చార్జ్ కాగితంలో మీరు భయపడాల్సింది ఆ లైను చూసి కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటంతో నాన్నగారిని నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్న పొడి అక్షరాలన్నీ మీరు ఒక్కొక్కటిగా నెట్‌లో వెతికారు. గుండెపోటు వచ్చిందని, గుండె అరవై శాతమే పనిచేస్తోందని, పైగా ఇంకేదో కొత్త జబ్బు కూడా ఉందని తేలేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. మాత్రల గురించి మాత్రం ఒక్క వాక్యమే రాశారు: "అన్నీ రోజూ టైముకి వేస్తున్నాం."

నన్ను భయపెట్టింది ఆ ఒక్క వాక్యమే. ఇరవై రెండేళ్లు వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని. ముందు ఆ సంగతి చెప్తాను, మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు ఎక్కించిన మందుల జాబితాలో మూడో మాత్ర మెథోట్రెక్సేట్ 7.5 ఎంజీ. దాని పక్కన ఉన్నది ఓడీ (రోజుకొకసారి) కాదు, ఓడబ్ల్యూ. అంటే వారానికి ఒక్కసారి. కీళ్లవాతానికి ఈ మందును వారంలో ఒకే రోజు వేసుకుంటారు. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పూసి పుండ్లు పడతాయి. ఇలా ప్రాణాలు పోయిన ఉదంతాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. ఆయన ఇప్పటికే వరుసగా రోజూ వేసుకుని ఉంటే, తర్వాతి మాత్ర వేయకండి. ఏ లక్షణం కోసమూ ఎదురుచూడకుండా ఈరోజే కాగితాలు, మాత్రల అట్టలు పట్టుకుని డాక్టరు దగ్గరికి గానీ ఎమర్జెన్సీకి గానీ వెళ్లండి. దీనికి విరుగుడు మందు ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. వారానికోసారే వేస్తున్నారనుకోండి, నన్ను తిట్టుకుని కింద చదవండి. అప్పుడు కూడా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ (ఆయనకి వచ్చింది అదే, కింద చెప్తాను) తగ్గేదాకా ఆ మాత్ర కొనసాగించాలా, ఆపాలా అని ఒక్కమాట అడగండి.

ఇప్పుడు మీ నిద్ర చెడగొట్టిన మాటలు చూద్దాం.

ఎంఐ అంటే గుండెపోటే, అందులో పొరపాటు లేదు. కానీ దాని ముందు ఆర్, గీత, ఓ ఉన్నాయి కదా, వాటిని మీరు వదిలేశారు. ఆర్ఓ అంటే రూల్ అవుట్. "ఇది కాదని తేల్చుకోవాలి" అని డాక్టరు తనకి తాను రాసుకున్న మాట. ఛాతీ నొప్పితో వచ్చిన ఎవరికైనా ఈసీజీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తారు, గుండెపోటు కాదని నిర్ధారించుకుంటారు. ఆఖరి డయాగ్నోసిస్ దగ్గర మీరే ఎల్ఆర్‌టీఐ అని రాశారు. అంటే ఊపిరితిత్తుల వైపు వచ్చిన ఇన్ఫెక్షన్. ఆయాసం దాని వల్లే. జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం పెట్టినా ఇదే అర్థం, అనుమానం మాత్రమే.

అసలు జబ్బు పేరు కంటే దాని ముందున్న రెండు మూడు అక్షరాలే ముఖ్యం. సీ ఓ అంటే రోగి చెప్పుకున్న బాధ. హెచ్ ఓ అంటే గతంలో ఉండేది. కే సీ ఓ అంటే ఆ జబ్బు ఉందని ముందే తెలిసిన మనిషి. ఎఫ్ హెచ్ ఓ అంటే ఆయనకి కాదు, ఆయన కుటుంబంలో ఎవరికో. ఈ ఎఫ్ చూడకుండా, పక్కనున్న సీఏ చూసి తనకే క్యాన్సర్ ఉందనుకుని మంచం మీద కూలబడిన మనిషిని నేను చూశాను. క్యాన్సర్ ఆవిడ మేనత్తకి. సీఏ అన్నది కూడా ఒకటే అర్థమున్న మాట కాదు, రక్తపరీక్షల కాగితంలో అది కాల్షియం.

మీకు కనిపించిన "కొత్త జబ్బు" ఆర్ఏ సంగతి మరీ తమాషా. మీ కాగితంలో అది రెండు చోట్ల ఉంది. పైన డీఎం, హెచ్‌టీఎన్ పక్కన ఉన్న ఆర్ఏ కీళ్లవాతం. అది ఆయనకి ఎప్పటినుంచో ఉన్నదే, మెథోట్రెక్సేట్ దానికే. (డీఎం షుగరు, హెచ్‌టీఎన్ బీపీ.) కిందికొస్తే "ఎస్‌పీఓ2 97 శాతం, ఆన్ ఆర్ఏ" అని ఉంది. అక్కడ ఆర్ఏ అంటే రూమ్ ఎయిర్, మామూలు గాలి. ఆక్సిజన్ పెట్టకుండానే రక్తంలో ఆక్సిజన్ 97 ఉందని. మీ కాగితం మొత్తంలో ఇంతకంటే మంచి వార్త లేదు, దాన్నే మీరు జబ్బు కింద లెక్కేశారు! ఇక ఎకో, అంటే గుండె స్కాన్ రిపోర్టులో ఆర్ఏ కనిపిస్తే అది గుండెలో కుడివైపు పై గది. అక్షరాలు రెండే, అర్థాలు మూడు. అందుకే నెట్‌లో అక్షరాలు కొట్టి వెతకడం వల్ల ప్రయోజనం తక్కువ. పక్కన ఏముందో, కాగితంలో ఏ భాగంలో ఉందో చూడాలి. పీఈ కూడా ఇంతే. ఒకచోట ఊపిరితిత్తి నాళంలో రక్తం గడ్డ, ఇంకోచోట కేవలం ఒళ్లు పరీక్షించడం.

ఈఎఫ్ 60 శాతం. ఇది చూసి కంగారుపడని కుటుంబం నా సర్వీసులో తక్కువ. మనకి శాతం అనగానే పరీక్ష మార్కులు గుర్తొస్తాయి, నూటికి అరవై అంటే నలభై పోయినట్టే కదా అనుకుంటాం. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఎడమ కింది గదిలో ఉన్న రక్తంలో ఎంత భాగాన్ని బయటికి తోస్తుందో చెప్పే అంకె అది. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా మొత్తం ఖాళీ చేయదు. సుమారు 50 నుంచి 70 మధ్య ఉంటే మామూలే. నాన్నగారి గుండె దర్జాగా ఉంది.

పనిలో పనిగా గుండె గురించి ఇంకో రెండు ముక్కలు. హార్ట్ ఎటాక్ అంటే గుండె కండరానికి రక్తం అందించే నాళం మూసుకుపోవడం. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం. హార్ట్ ఫెయిల్యూర్ పేరు విని గుండె ఆగిందనుకుంటారు. కాదు, శరీరానికి కావలసినంత రక్తాన్ని అది తోడలేకపోతోందని అర్థం. ఆ మాట రాసిన కాగితం జేబులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు. "హార్ట్ స్ట్రోక్" అని మనవాళ్లు అంటుంటారు గానీ అలాంటిది లేదు. స్ట్రోక్ మెదడుకి వస్తుంది, కాగితంలో సీవీఏ అని రాస్తారు. ఫోన్లో బంధువులకి చెప్పేటప్పుడు ఏ మాట వాడుతున్నారో చూసుకోండి, నాలుగు ఇళ్లు దాటేసరికి అది ఏమవుతుందో మీకు తెలియంది కాదు.

ఎన్ఏడీ అంటే తేడా ఏమీ కనపడలేదని. అన్‌రిమార్కబుల్ అన్నా అదే, చెప్పుకోదగ్గది ఏమీ లేదని. గ్రాస్‌లీ నార్మల్ అంటే కంటికి కనపడినంతలో బాగానే ఉందని. నెగెటివ్ అంటే వెతికింది దొరకలేదని, బయాప్సీ రిపోర్టులో అంచులు నెగెటివ్ అంటే, కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ దొరకలేదని, పండగ చేసుకోవాలి. లీజన్ అంటే ఏదో ఒక చోట మామూలుకి భిన్నంగా కనిపించిన భాగం, అంతే. చిన్న మచ్చా లీజనే, గడ్డా లీజనే. స్కాన్ రిపోర్టు చివర "క్లినికల్ కోరిలేషన్" అని రాస్తే, నేను బొమ్మ మాత్రమే చూశాను, మనిషిని చూసిన డాక్టరు రెండూ కలిపి తేల్చుకోవాలి అని స్కాన్ డాక్టరు చెప్తున్నట్టు.

అక్యూట్ అనే మాటని మనం తెలుగులో "తీవ్రమైన" అని రాసేస్తాం. ఈ అనువాదం ఎంతమందిని ఏడిపించిందో! అక్యూట్ అంటే హఠాత్తుగా మొదలైనది, తక్కువ కాలం ఉండేది. రెండు రోజుల విరేచనాలూ అక్యూటే. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది, అది తేలికైనదీ కావచ్చు, గట్టిదీ కావచ్చు. ఇడియోపతిక్ అంటే కారణం తెలియదని మర్యాదగా చెప్పడం.

చదివితే తిట్టినట్టు అనిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "రోగి మద్యం అలవాటును డినై చేస్తున్నాడు" అని రాస్తే అబద్ధమాడుతున్నాడని కాదు, లేదని చెప్పాడని. అన్నిటికంటే ఎక్కువ ఇళ్లలో గొడవ పెట్టింది మాత్రం గర్భిణుల కాగితంలో ఉండే ఒక అక్షరం. జీ, పీ, ఎల్, ఏ అని నాలుగు అక్షరాల పక్కన అంకెలు వేస్తారు. జీ ఎన్నిసార్లు గర్భం దాల్చింది, పీ ఎన్ని కాన్పులు, ఎల్ ఇప్పుడున్న పిల్లలు, ఏ అబార్షన్లు. వైద్య భాషలో అబార్షన్ అంటే తీయించుకున్నదే కానక్కర్లేదు, దానంతటదే పోయిన గర్భాన్నీ ఆ అక్షరం కిందే రాస్తారు. తొలి గర్భం నిలవక ఏడ్చి ఏడ్చి ఉన్న పిల్లని, ఆ ఏ పక్కన ఒకటి చూసి అత్తగారు నిలదీయడం నా ఎదుటే జరిగింది. నేను కల్పించుకుని వివరించాను. ఆ పూట అది నా పని కాకపోయినా, చెప్పకుండా ఉండలేకపోయాను.

పెద్ద పెద్ద జబ్బు పేర్లు చూసి బెదరక్కర్లేదు. అవి మన సమాసాల్లాంటివి, విడదీస్తే లొంగుతాయి. కోలె అంటే పిత్తం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. కోలెసిస్టెక్టమీ అంటే పిత్తాశయం తీసేసే ఆపరేషన్. చివర ఐటిస్ ఉంటే అక్కడ వాపు, మంట ఉన్నాయని. ప్రతి ఐటిస్సూ క్రిముల వల్ల రాదు, అందుకే అన్ని ఐటిస్సులకీ యాంటీబయాటిక్ ఉండదు. స్టమీ అంటే బయటికి దారి పెట్టడం, ప్లాస్టీ అంటే సరిచేయడం, స్కోపీ అంటే గొట్టం లాంటిది పెట్టి చూడటం. ఓమా అని ముగిస్తే చాలావరకు గడ్డే కానీ, హెమటోమా అంటే దెబ్బ తగిలి లోపల పేరుకున్న రక్తం, గ్లకోమా అంటే కంటి నరం దెబ్బతినే జబ్బు. ఒకే అవయవానికి రెండు పేర్లు కనిపిస్తే తికమక పడకండి. మనకి నీరు, జలం ఉన్నట్టే వాళ్లకి గ్రీకు మాట ఒకటి, లాటిన్ మాట ఒకటి. నెఫ్రో అన్నా రీనల్ అన్నా మూత్రపిండమే.

వీటిలో గట్టిగా పట్టుకోవాల్సిన జత హైపర్, హైపో. హైపర్ ఎక్కువ, హైపో తక్కువ. ఫోన్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి. షుగర్ ఎక్కువైతే చేసేదానికీ, 70 కంటే తగ్గితే చేసేదానికీ పొంతనే లేదు. తగ్గినప్పుడు వెంటనే తీపి పెట్టాలి, ఎక్కువైందని పొరబడి పెట్టకపోతే నిమిషాల్లో మనిషి స్పృహ తప్పవచ్చు. అందుకే నేను ఆ మాటలే వాడను. పెరిగింది, తగ్గింది, ఎంత ఉంది, అంతే.

రక్తపరీక్షల్లో ఎర్ర నక్షత్రాల గురించి అడిగారు. మామూలు పరిధి అని పక్కన వేసే అంకెలను సాధారణంగా ఎలా పెడతారంటే, ఆరోగ్యంగా ఉన్న నూరుమందిలో 95 మంది ఫలితాలు పడే హద్దులు అవి. మిగతా ఐదుగురికి జబ్బు లేకపోయినా నక్షత్రం పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు ఇరవై చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒక నక్షత్రం పడే అవకాశం 64 శాతం. హద్దుకి ఆనుకుని ఉందా, ఎంతో దూరం పోయిందా, పోయినసారికీ ఇప్పటికీ ఎలా మారింది అన్నవే డాక్టరు చూసేది.

టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ ఎక్కువైందని మీరు రాశారు, అది తలకిందులు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి చేసేది కాదు, దానికి పని చెప్పే పిట్యూటరీ గ్రంథి పంపేది. పనివాడు మందకొడి అయితే యజమాని గొంతు పెంచుతాడు చూడండి, అలాగన్నమాట. సాధారణంగా టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ తగ్గిందని అర్థం. (అన్నట్టు, "నాకు థైరాయిడ్ ఉంది" అంటుంటారు. అందరికీ ఉంటుంది, మెడలో. ఎక్కువో తక్కువో చెప్పాలి.) హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల షుగరు సగటును చెప్తుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ లెక్క. పరీక్షకి ముందు రెండు రోజులు నోరు కట్టేసుకుంటే అది మోసపోదు. కాలేయం పరీక్ష కొత్త ల్యాబ్‌లో ఏఎల్‌టీ అని వచ్చింది, పాతదాంట్లో ఎస్‌జీపీటీ అని ఉంది, రెండూ ఒకటే, పేరు మారింది. క్రియాటినిన్ ఒకచోట 1.0, ఇంకోచోట 88 అని ఉంటే కిడ్నీలు పాడవలేదు, కొలమానం మారింది. అంకె చూసే ముందు దాని పక్కనున్న కొలమానం చూడండి.

జబ్బు పేర్లకి ఇంత భయపడే మనం, మందుల చీటీలో పొడి అక్షరాల మీదుగా మాత్రం చూపు జార్చేస్తాం. అపాయం ఎక్కువగా ఉండేది అక్కడే. ఓడీ రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు. అవన్నీ లాటిన్ నుంచి మిగిలిన ముక్కలు. కంటి డాక్టరు చీటీలో ఓడీ అంటే కుడికన్ను. చుక్కల మందు రోజుకొకసారి అనుకుని ఒక కంటికి వేయాల్సింది రెండు కళ్లకీ వేసుకున్నవాళ్లు నాకు తగిలారు. క్యూడీ అని రాస్తే రోజుకొకసారి, మధ్యలో ఒక ఐ ఉన్నట్టు కనిపిస్తే నాలుగుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. అది ఓడలు మునిగేటప్పుడు పంపే సంకేతం అనుకుని, ప్రాణం మీదికొస్తేనే వేసుకోవాలని నొప్పి భరించిన తాతగారు ఒకరు. అర్థం తెలియక అదే మాత్రని నెలల తరబడి రోజూ మింగినవాళ్లు మరికొందరు. ఎస్ఓఎస్ అని ఉంటే "ఏమైతే వేసుకోవాలి, రోజుకి ఎన్నింటికి మించకూడదు" అని రెండూ అడగాలి.

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో కొన్ని పొడి అక్షరాలను అసలు వాడకూడదని జాబితా వేసింది. క్యూడీ అందులో ఉంది. యూనిట్లకి బదులు యూ అని ఒక్క అక్షరం రాయడం కూడా ఉంది. ఎందుకంటే ఇన్సులిన్ 10 పక్కన చేతిరాతలో యూ రాస్తే అది సున్నాలా కనపడి 100 అవుతుంది. పదింతలు! 1.0 అని రాస్తే మధ్య చుక్క కనపడక 10 అవుతుంది. సగానికి .5 అని ముందు సున్నా లేకుండా రాస్తే 5 అవుతుంది. మీరు ఇంట్లో రాసుకునే జాబితాకీ ఇదే నియమం పెట్టుకోండి: 1 అనే రాయండి, 0.5 అనే రాయండి. థైరాయిడ్ మాత్ర మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మనవాళ్లు అలవాటుగా ఎంజీ అని రాసేస్తారు. రెండింటికీ తేడా వెయ్యి రెట్లు.

మాత్ర పేరు వెనకున్న తోక అక్షరాలు కూడా చూడాలి. ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ లాంటివి ఉంటే ఆ మాత్ర గంటల తరబడి నెమ్మదిగా మందు వదిలేలా చేసినది. మింగలేకపోతున్నారని దాన్ని నూరి నీళ్లలో కలిపితే రోజంతటి మందూ ఒక్కసారి ఒంట్లోకి పోతుంది. నాన్నగారి షుగర్ మాత్రకి ఆ తోక ఉంది, నూరుతున్నట్టయితే ఆపేసి, మింగడం కష్టంగా ఉందని డాక్టరుకి చెప్పండి. వేరే రూపంలో రాస్తారు.

డిశ్చార్జ్ రోజున అడగడానికి మొహమాటపడ్డామని రాశారు. అడిగితే ఏ నర్సూ తప్పు పట్టదు, మాకూ పని తగ్గుతుంది. ఇప్పుడైనా మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఒక్కో అట్ట చూపించి ఇది దేనికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అని అడిగి తెలుగులోనే, పొడి అక్షరాలు లేకుండా పెద్దగా రాసుకోండి. వారానికోసారి వేసే మందుకి వారం పేరు రాయండి: "బుధవారం మాత్రమే" అని. రాసింది మళ్లీ వాళ్లకి చదివి వినిపించండి. వార్డులో ఫోన్లో ఆర్డరు తీసుకున్నప్పుడు మేమూ అలాగే తిరిగి చదువుతాం.

మెథోట్రెక్సేట్ సంగతి ఏమైందో మాత్రం ఈ సాయంత్రానికి ఒక్క ముక్క రాయండి.